ఏది వదలాలి, ఎవరు చెప్పాలి: కోనసీమ సంఘాల్లో పాత అలవాట్ల వాదం

కోనసీమలో బాప్తిస్మానికి పేరిచ్చిన మనిషిని సంఘ పెద్దలు కూర్చోబెట్టి కొన్ని ప్రశ్నలు అడుగుతారు. ఆ ప్రశ్నలు సంఘాన్ని బట్టి మారతాయి. ఒకచోట తాగుడు మానావా అని అడిగి ఊరుకుంటారు. మరోచోట బొట్టు, పూలు, చెవి కమ్మల దాకా వెళ్తారు. ఇంకోచోట చేతికో మొలకో ఉన్న తాయెత్తు తెంపాకే కాలవలోకి దించుతారు. లూథరన్ ఇంట్లో పుట్టినవాడికి ఈ ప్రశ్నల పద్ధతే వేరు. పసితనంలోనే బాప్తిస్మం అయిపోతుంది, కాస్త పెద్దయ్యాక కన్ఫర్మేషన్ తరగతిలో లూథర్ చిన్న ప్రశ్నోత్తరి వల్లె వేయిస్తారు. ఒకే పేటలో ఈ రకాలన్నీ పక్కపక్కనే ఉంటాయి. మారుమనస్సు పొందినవాళ్ళు ఏమేం విడిచిపెట్టాలన్న ప్రశ్నకు ఒకే ఇంట్లో అత్తగారిది ఒక జవాబు, కోడలిది ఇంకో జవాబు కావడం ఇక్కడ వింతేమీ కాదు.

గోదావరి డెల్టాలో ఈ వాదానికి నూట ఎనభై ఏళ్ళ పైబడిన వయసుంది. ఇప్పుడది బాగా చిక్కుపడింది. దేవుళ్ళ మొక్కులు, తాగుడు, ఆడవాళ్ళ అలంకరణ, కులం, సర్టిఫికెట్టులో పేరు అన్నీ కలిపి ఒకే మూటగా కట్టి ‘పాత జీవితం’ అనేస్తున్నారు. వాటిలో ప్రతిదానికీ వేరే చరిత్ర ఉంది, వేరే వాదన ఉంది. ఆ మూట విప్పి చూడడం ఈ వ్యాసం పని.

జాబితాలు ఎలా పుట్టాయి

విడిచిపెట్టవలసినవి ఏవి అన్న దాని మీద మొదటి పెద్ద తగువు మనకు దక్షిణాన, కేథలిక్కుల మధ్య జరిగింది. 1606లో మధురై చేరిన ఇటలీ జెస్యూట్ రాబర్టో డి నొబిలి జంధ్యం, పిలక, గంధం బొట్టు కుల మర్యాదకు గుర్తులే గాని విగ్రహారాధన కాదని వాదించాడు. 1623లో పోప్ 15వ గ్రెగొరీ దానికి ఒప్పుకున్నాడు. ఎనభై ఏళ్ళకు గాలి మళ్ళింది. 1703లో పోప్ ప్రతినిధిగా పుదుచ్చేరి వచ్చిన టూర్నన్, 1704లో, తాళి మీద పిళ్ళైయారు (వినాయకుడి) బొమ్మ ఉండకూడదన్నాడు. జబ్బుపడ్డ అంటరానివాళ్ళ ఇళ్ళలోకి అడుగుపెట్టని ఫాదర్లనూ తప్పుపట్టాడు. 1744లో 14వ బెనెడిక్ట్ తీర్పుతో తగువు ముగిసింది. ముగిసిన తీరే గమనించదగ్గది: తాళి మీద బొమ్మ పోయింది, అంటరానివాళ్ళ కోసం వేరే ఫాదర్లను పెట్టుకునే ఏర్పాటు మాత్రం సాగింది. బొమ్మను మార్చడం సులువు, గడప దాటడం కష్టం. తర్వాత వచ్చిన వాదాలన్నిటిలోనూ ఈ తేడా మళ్ళీ మళ్ళీ కనిపిస్తుంది.

ప్రొటెస్టెంట్లు కులం విషయంలో మొదట గట్టిగానే మాట్లాడారు. 1833లో కలకత్తా బిషప్ డేనియల్ విల్సన్ సంఘంలో కులభేదాన్ని వెంటనే, పూర్తిగా మానాలని లేఖ రాశాడు. 1850లో మద్రాసు మిషనరీల సమావేశం ఇంకా ముందుకెళ్ళి, కులం విడిచినట్టు సహపంక్తి భోజనంతో రుజువు చూపాలంది. జర్మనీ లైప్‌జిగ్ లూథరన్లు మాత్రం అంత తొందర కుదరదన్నారు.

గోదావరి దగ్గరికొస్తే, 1836లో ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్ వెంట ఇంగ్లండు నుంచి విలియం బౌడెన్, జార్జ్ బీర్ కుటుంబాలు వచ్చాయి. వాళ్ళది బ్రదరన్ శాఖ. నర్సాపురం కేంద్రంగా మొదలైన వాళ్ళ పని గోదావరి డెల్టా మిషన్ అయింది. నర్సాపురం రేవు నుంచి వశిష్ఠ దాటితే సఖినేటిపల్లి, ఆపైన రాజోలు. ఆ బోధ కోనసీమలోకి రావడానికి నది అడ్డం కాలేదు. జీతం తీసుకునే పాస్టరు లేని సభ, ప్రతి ఆదివారం రొట్టె విరవడం, నమ్మినవాళ్ళకే ముంచి ఇచ్చే బాప్తిస్మం, తప్పు చేసినవాళ్ళను ప్రభువు బల్ల నుంచి నిలిపివేయడం వాళ్ళ పద్ధతులు. కాకినాడలో 1874 నుంచి కెనడా బాప్టిస్టులు, రాజమండ్రి వైపు లూథరన్లు పనిచేశారు. ఇన్ని శాఖలు ఒకే డెల్టాలో కలిశాయి గనకే ఒకే పేటలో ఇన్ని జాబితాలు.

అయితే తెలుగు సంఘాల మీద ఎక్కువ ముద్ర వేసిన జాబితా డెల్టాది కాదు, ఒంగోలుది. అమెరికా బాప్టిస్టు జాన్ క్లౌ 1866లో అక్కడ పని మొదలుపెట్టాడు. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. అంతమందికి వేదపాఠాలు చెప్పే తీరిక ఎవరికీ లేదు. ఊళ్ళలో అందరికీ గుర్తుండేలా చెప్పిన నియమాలు మూడు: ఆదివారం పని చేయకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు.

ఈ మూడూ పైకి మత నియమాల్లాగే ఉంటాయి. ఊరి రెడ్డి, కరణం వాటిని చదివిన తీరు వేరు. చచ్చిన గొడ్డును లాక్కెళ్ళడం, అమ్మవారి కొలువుకు డప్పు కొట్టడం, పిలిచినప్పుడల్లా పనికి రావడం మాదిగలకు వంశపారంపర్యంగా అంటగట్టిన వెట్టి. విగ్రహానికి మొక్కనన్న మనిషి జాతరకు డప్పు కొట్టనన్నట్టే. ఆదివారం రానన్న పాలేరు కామందు మాట కాదన్నట్టే. అందుకే బావులు మూశారు, పశువులను మేతకు రానివ్వలేదు, పనులు ఆపేశారు. ఆ తరానికి పాత అలవాటు మానడమంటే ఊరి కట్టుబాటును ధిక్కరించడం. ఇవాళ్టి వాదంలో చాలామంది మరిచిపోతున్న చరిత్ర ఇదే.

ఇంకొకటి. ఒంగోలు ఉద్యమానికి ముందు నడిచిన ఎర్రగుంట్ల పేరయ్య క్రైస్తవుడు కాకముందే రాజయోగం అభ్యసించినవాడు, విగ్రహాలను అప్పటికే పక్కన పెట్టినవాడు. అంటే పాత జీవితంలోని ఒక సాధనే కొత్త విశ్వాసానికి దారి తీసింది. పాతదంతా చీకటి అనే ప్రసంగాలకు పేరయ్య జీవితం ఒదగదు.

చచ్చిన గొడ్డు మాంసం, తాగుడు మానమని చెప్పినవాళ్ళు మిషనరీలు ఒక్కరే కాదు. హైదరాబాదులో భాగ్యరెడ్డి వర్మ ఆది హిందువుల మధ్య తాగుడు మాన్పించడానికి పాటుపడ్డాడు. 1927లో మహద్‌లో అంబేడ్కర్ చచ్చిన గొడ్డు మాంసం మానమన్నాడు. 1956 అక్టోబరు 14న నాగపూరులో బౌద్ధం తీసుకున్నప్పుడు ఆయన చేయించిన 22 ప్రమాణాల్లో మద్యం ముట్టనన్నది ఒకటి. మూడు దారుల్లోనూ మానుకోవడం ఆత్మగౌరవంతో ముడిపడే ఉంది.

బోధల్లో తేడా ఎక్కడ

సంఘాల మధ్య జాబితాలు వేరు కావడానికి వెనక వేదాంత కారణం ఉంది. లూథరన్ బోధలో విశ్వాసి ఏకకాలంలో నీతిమంతుడూ పాపీ. పాత స్వభావం ఒక్కసారిగా చావదు, రోజూ పశ్చాత్తాపంతో దాన్ని అణచాలి. అందుకే ఆ సంఘాల్లో పడిపోయినవాడి పట్ల ఓపిక ఎక్కువ. ఆ ఓపిక కొన్నిచోట్ల పట్టించుకోకపోవడంగా మారింది, నామకార్థ క్రైస్తవులనే పేరూ వాళ్ళకే ఎక్కువగా వచ్చింది.

బ్రదరన్ సభల్లో తిరిగి జన్మించిన రోజు ముఖ్యం. ఆ రోజుకు ముందు ఒక మనిషి, తర్వాత ఇంకో మనిషి. సాక్ష్యం చెప్పేటప్పుడు రెండు భాగాలుగా చెప్పడం అక్కడి నుంచే వచ్చింది. 1875లో ఇంగ్లండులో మొదలైన కెస్విక్ కూటాల ప్రభావం కూడా ఈ వర్గం మీద ఉంది: రక్షణ తర్వాత పూర్తిగా అప్పగించుకునే ఘట్టం ఒకటి ఉందని, అప్పుడు పాపం మీద జయం దొరుకుతుందని వాళ్ళ బోధ. భక్తసింగ్ స్థాపించిన హెబ్రోను సహవాసాల్లో ఈ ధోరణి బలంగా కనిపిస్తుంది. తెల్లబట్టలు, చాపల మీద కూర్చోవడం, ఆరాధన తర్వాత అందరూ కలిసి తినే ప్రేమవిందు ఆ సహవాసాల గుర్తులు. 1850 నాటి సహపంక్తి షరతును గుర్తుచేసే ఈ ప్రేమవిందు మీద జరగాల్సినంత చర్చ జరగలేదు.

పెంతెకొస్తు వాళ్ళకు అలవాటు ఒక బంధకం. దాని వెనక దురాత్మ ఉండొచ్చు, ప్రార్థనతో విడుదల రావాలి. వరుసగా విఫలమైన మనిషికి ఇది పెద్ద ఊరట, తప్పు తనొక్కడిదే కాదని తెలుస్తుంది. అదే మాట తన బాధ్యతను తప్పించుకునే సాకూ కావచ్చు.

రాజమండ్రి దగ్గర జేగురుపాడులో పుట్టిన దేవదాసు అయ్యగారు లూథరన్ సంఘం విడిచి 1938లో బైబిలు మిషన్ ప్రారంభించారు. ఆయన ఒత్తి చెప్పింది దేవుని సన్నిధిలో కనిపెట్టడం. మానవలసినవాటి పట్టీ కన్నా కూర్చోవలసిన సమయం మీద దృష్టి పెట్టిన బోధ గనక ఈ వాదంలో దానికి వేరే చోటుంది.

కేథలిక్కులు 1744 నాటి దారిని ఇరవయ్యో శతాబ్దంలో వెనక్కి తిప్పారు. రెండో వాటికన్ సభ తర్వాత, 1969లో, ఆరతి, అగరొత్తులు, నేల మీద కూర్చోవడం వంటి పన్నెండు అంశాలకు రోమ్ అనుమతి ఇచ్చింది. ఆంగ్లికన్లలో 1912 డిసెంబరులో తొలి భారతీయ బిషప్ అయిన దోర్నకల్ అజరయ్య అంతకు ముందే మధ్యేమార్గం పట్టాడు. విగ్రహారాధన, కులభేదం, తాగుడు దగ్గర రాజీలేదు. పాట, ఊరేగింపు, పండగ, కట్టడాల తీరు తెలుగువే. 1939లో ప్రతిష్ఠించిన దోర్నకల్ కేథడ్రల్ చూస్తే ఆయన ఉద్దేశం కంటికే తెలుస్తుంది.

కల్లు పాక, సారా కొట్టు

తాగుడు చెడ్డదన్న దాని మీద శాఖల మధ్య పెద్ద తేడా లేదు. కేథలిక్కులు, కొందరు లూథరన్లు మితం అంటారు, మిగిలినవాళ్ళు పూర్తిగా మానాలంటారు. పేదల ఇళ్ళ విషయంలో రెండోదే సబబని చరిత్ర చెబుతోంది. కూలి డబ్బులు కొట్టులో పోతే పస్తుండేది ఆడవాళ్ళూ పిల్లలూ. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళతో పేరుకెక్కిన సారా వ్యతిరేక ఉద్యమం 1993 అక్టోబరు 1న సారా నిషేధం దాకా వెళ్ళింది. 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధం 1997కల్లా సడలిపోయింది. ప్రభుత్వం చేతులెత్తేసిన చోట, పేటల్లో తాగుడు మాన్పించే పని ఎక్కువగా ప్రార్థన కూటాల మీదే పడింది. ఆ సంగతిలో వాళ్ళకు రావలసిన మెప్పు రాలేదు.

చిక్కులు మాత్రం రెండున్నాయి. కోనసీమలో కల్లుగీత కులవృత్తి. గీత మీద బతికే కుటుంబం నుంచి ఒకరు విశ్వాసంలోకి వస్తే వృత్తి వదలాలా? తాగడం పాపమైతే తీసి అమ్మడం ఏమవుతుంది? పొలం, కొబ్బరితోట ఉన్నవాడికి వదలమని చెప్పడం సులువు. చెట్టెక్కడం తప్ప ఇంకో పని రానివాడికి సంఘం ఏ దారి చూపిస్తుందో చెప్పకుండా వదలమనడం సగం మాటే. కొబ్బరి దింపు పని ఉందంటారు, అది అందరికీ సరిపడా లేదు.

రెండోది ఇంకా గట్టిది. ఏళ్ళ తరబడి రోజూ ఎక్కువగా తాగినవాడు ఒక్కసారిగా మానేస్తే వణుకు, ఫిట్స్, మతిభ్రమ రావచ్చు, కొందరిలో ప్రాణం మీదికి రావచ్చు. ఇది వైద్యులందరూ ఒప్పుకునే విషయం. ఉపవాస కూటంలో మూడో రోజు మనిషి వణుకుతూ ఏవేవో కనిపిస్తున్నాయంటే, దాన్ని దురాత్మ చేష్టగా తీసుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళకపోవడం ప్రమాదం. ప్రార్థనకూ వైద్యానికీ పోటీ పెట్టనక్కర్లేదు. 1935లో అమెరికాలో పుట్టిన ఆల్కహాలిక్స్ అనానిమస్ క్రైస్తవ ఉజ్జీవ బృందమైన ఆక్స్‌ఫర్డ్ గ్రూపులోంచే వచ్చింది. అందులోని ఒప్పుకోలు, నష్టపరిచినవాళ్ళకు దిద్దుబాటు, తోటివాడి తోడు అన్నీ సంఘానికి తెలిసినవే.

బొట్టు, తాళి, బంగారం

ఎక్కువ గొడవ జరిగేది ఇక్కడే. పెంతెకొస్తు, కొన్ని బ్రదరన్ సభలు ఆడవాళ్ళు బొట్టు, పూలు, నగలు విడవాలంటాయి, కొన్నిచోట్ల తాళి కూడా. వాళ్ళ ఆధారం తిమోతి మొదటి పత్రిక రెండో అధ్యాయం, పేతురు మొదటి పత్రిక మూడో అధ్యాయం. చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా (సీఎస్ఐ), లూథరన్ సంఘాల్లో సిలువ గుర్తున్న తాళి మామూలే. వాళ్ళ వాదన ప్రకారం తాళి పెళ్ళికి గుర్తు, దేవతకు కాదు.

నగలు వద్దనేవాళ్ళ పక్షాన ఒక బలమైన మాటుంది. పేదల సంఘంలో బంగారం లేకపోతే ఉన్నవాళ్ళూ లేనివాళ్ళూ ఒకేలా కనిపిస్తారు, అప్పు చేసి నగ కొనే పోటీ తగ్గుతుంది. అవతలి పక్షానా బలమైన మాటే ఉంది. మన ఇళ్ళలో ఆడదాని చేతిలో ఉండే ఏకైక ఆస్తి చాలాసార్లు ఆ నగే. తాకట్టు పెట్టి పిల్లాడి ఫీజు కట్టేది దాంతోనే. పొలం మగవాడి పేరున, ఇల్లు మగవాడి పేరున ఉండగా, ఉన్న ఒక్క ఆస్తినీ విడవమని చెప్పేది మగ పెద్దలే. ఈ సంగతిని ఏ ప్రసంగంలోనూ లెక్కలోకి తీసుకోవడం లేదు.

బొట్టు చర్చ వేరు. దాన్ని కొందరు దేవతా చిహ్నమంటారు, కొందరు అలంకరణంటారు, ఇరుగుపొరుగు మాత్రం అది లేకపోవడం చూసి మతం గుర్తుపడతారు. తనకు తాను మానుకున్న ఆడమనిషికి అది సాక్ష్యం. అత్తింటివాళ్ళు చెరిపించిన మనిషికి అది అవమానం. చేసిన పని ఒకటే అయినా రెండింటికీ ఒకే విలువ కట్టలేం. నా తీర్పు అడిగితే, ఆమె చేతికి వదిలేయాల్సిన వ్యవహారంలో సంఘం ఇంత సమయం ఖర్చుపెట్టడం దండగ.

ఎత్తి చూపాల్సిన తేడా ఇంకోటుంది. మగవాడి జాబితాలో ఉన్నవి తాగుడు, పేకాట, కోడిపందెం, చుట్ట. చాటుగా చేస్తే ఎవరికీ తెలియవు. ఆడమనిషి జాబితా అంతా ఒంటి మీదే ఉంటుంది, ప్రతి ఆదివారం అందరికీ కనబడుతుంది. నిఘా ఎవరి మీద ఎక్కువ పడుతుందో వేరే చెప్పనక్కర్లేదు.

జాతర, ప్రభలు, పోయినవాళ్ళ జ్ఞాపకం

కనుమ నాడు జగ్గన్నతోటకు ప్రభలు వస్తాయి, భీష్మ ఏకాదశికి అంతర్వేది రథం కదులుతుంది. వీటికి వెళ్ళొచ్చా, పక్కింటివాళ్ళిచ్చిన ప్రసాదం తినొచ్చా అన్నది కొరింథీ సంఘానికి పౌలు రాసిన మొదటి పత్రిక అంత పాత ప్రశ్న. ఆయన జవాబు ఎదుటివాడి మనస్సాక్షిని బట్టి నడుచుకొమ్మని, ఇవాళ్టి సంఘాలు ఆ జవాబులో తమకు కావలసిన సగం తీసుకుంటున్నాయి. పందెం బరికి వెళ్ళడం మాత్రం అందరూ తప్పంటారు, కనీసం నోటితో.

పి. వై. ల్యూక్, జాన్ కార్మన్ కలిసి మెదక్ డయోసిస్ పల్లెల మీద చేసిన అధ్యయనం 1968లో పుస్తకంగా వచ్చింది. ఆదివారం గుడికి వెళ్ళే కుటుంబమే జబ్బు చేసినప్పుడు గ్రామదేవతను కూడా విడవకపోవడం అందులో వివరంగా ఉంది. దాన్ని రెండు పడవల మీద కాళ్ళు అనేయడం తేలిక. బిడ్డకు జ్వరం వచ్చిన రాత్రి పాత భయం తిరిగి వస్తుంది, ఆ భయానికి సంఘం ఏం జవాబిచ్చిందన్నది అసలు ప్రశ్న. స్వస్థత ప్రార్థనతో పెంతెకొస్తు సంఘాలు పేటల్లో పెరగడానికి ఒక కారణం ఆ రాత్రికి వాళ్ళ దగ్గర ఒక జవాబు ఉండడమే.

పోయినవాళ్ళ విషయంలో సర్దుబాటు నెమ్మదిగా కుదిరింది. పెద్దలకు బట్టలు పెట్టడం పోయి జ్ఞాపకార్థ కూడిక వచ్చింది. భోజనాలు ఉంటాయి, బంధువులు వస్తారు, పిండం ఉండదు. దీని మీద ఇప్పుడు వాదించేవాళ్ళు తక్కువే.

జాబితాకెక్కని కులం

1850లో అంత గట్టిగా చెప్పిన కులం ఇవాళ ఏ బాప్తిస్మ ప్రశ్నల్లోనూ వినిపించదు. కారణాలు లేకపోలేదు. తెలుగు సంఘాలు మనిషి మనిషిగా పెరగలేదు, పేటలు పేటలుగా పెరిగాయి. మాల పేటలో మాల సంఘం, మాదిగ పేటలో మాదిగ సంఘం, పై కులాల నుంచి వచ్చినవాళ్ళు వేరే కూటం. 1955లో డొనాల్డ్ మెక్‌గావ్రన్ రాసిన పుస్తకం తర్వాత దీనికి ఒక సిద్ధాంతమే దొరికింది: మనుషులు తమవాళ్ళను విడవకుండా క్రైస్తవులు కావడానికి ఇష్టపడతారు గనక సంఘాలను అలాగే పెరగనివ్వాలి. పెరుగుదల లెక్కల్లో అది పనిచేసింది. కొలస్సీ పత్రిక మూడో అధ్యాయం ముందు దానికి జవాబు లేదు. పాత స్వభావాన్ని విడవమన్న పేరాలోనే, ఊపిరి తిప్పుకోకుండా, జాతి భేదం, దాసుడు స్వతంత్రుడు అన్న భేదం ఇక ఉండవని పౌలు రాశాడు. అక్కడ పాత స్వభావపు పట్టీలో ఉన్నవి కోపం, దూషణ, అబద్ధం, లోభం. బంగారం గురించి ఆ పేరాలో ఒక్క మాటా లేదు.

దీని మీద అందరికన్నా పదునైన విమర్శ అంబేడ్కర్‌ది. మతం మారినవాళ్ళ స్థితి గురించిన వ్యాసంలో ఆయన రెండు అభ్యంతరాలు చెప్పాడు. మారినవాళ్ళు కులాన్నీ పాత ఆచారాలనూ వెంట తెచ్చుకున్నారన్నది ఒకటి. వాళ్ళ దుస్థితికి మూలం సమాజంలో ఉందని చెప్పకుండా పుట్టుకతో వచ్చిన పాపంలో చూపించడం వల్ల మార్పు కోరే శక్తి తగ్గిందన్నది రెండోది. రెండో మాట ఇవాళ్టి వాదానికి సూటిగా తగులుతుంది. పాత అలవాటు అనగానే మనిషి లోపలికే చూస్తున్నాం, ఆ అలవాటును వాడికి అంటగట్టిన ఊరి వైపు చూడడం లేదు. ఒంగోలు తరం రెండు వైపులా చూసింది. 1981లో బెంగుళూరులో అర్వింద్ నిర్మల్ ప్రసంగంతో మొదలైన దళిత వేదాంతం ఈ లోపాన్ని పూడ్చడానికే వచ్చింది. అది సెమినరీ తరగతి గదుల్లో పాఠమైనంతగా పల్లె ప్రసంగ వేదిక మీదికి రాలేదు.

కోనసీమలో ఇది పుస్తకాల మాట కాదు. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లా ఏర్పడింది. దానికి అంబేడ్కర్ పేరు పెట్టే ప్రతిపాదన మీద మే 24న అమలాపురంలో అల్లర్లు జరిగి మంత్రి ఇల్లు, ఎమ్మెల్యే ఇల్లు తగలబడ్డాయి. కులం ఇంత మండే చోట, దాన్ని పాత అలవాట్లలో ఒకటిగా లెక్కించని బోధ చాలా ముఖ్యమైనదాన్ని పక్కన పెట్టినట్టే.

రికార్డులో పేరు సంగతి కూడా ఇక్కడిదే. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా మొదట హిందువులకే ఉండేది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు, క్రైస్తవులను చేర్చలేదు. మన రాష్ట్రంలో క్రైస్తవంలోకి మారిన ఎస్సీలు బీసీ-సీ కిందికి వస్తారు. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ మతంతో ముడి తీసేయమని చెప్పింది, అది అమలు కాలేదు. 2022లో బాలకృష్ణన్ కమిషన్ వేశారు. ఈలోగా సంఘంలో ఒక పేరు, సర్టిఫికెట్టులో ఇంకో పేరుతో బతికేవాళ్ళను అబద్ధమాడుతున్నారని నిలదీసే బోధకులున్నారు. మతం మారినా అంటరానితనం మారని ఊళ్ళో, మారిందని ఒప్పుకోమనే చట్టం కూడా అబద్ధమే చెబుతోంది. విశ్వాసి నిజాయితీని కొలిచేవాళ్ళు ఆ రెండో అబద్ధాన్నీ తూకంలో వేయాలి.

వదిలాక ఏం చేయాలి

మానడం మీద ఇంత సాహిత్యం ఉంది గాని, ఎదగడం మీద చర్చ పలచన. దీనికి పనికొచ్చే పాత ఆధారం ఒకటుంది. అమెరికా మెథడిస్టు వాస్కమ్ పికెట్ తెలుగు ప్రాంతాలతో సహా దేశంలో పలుచోట్ల సామూహిక మతమార్పిడులను పరిశీలించి 1933లో పుస్తకం వేశాడు. కూటికోసం వచ్చారా, ఆత్మకోసం వచ్చారా అని అప్పట్లో పెద్ద తర్జనభర్జన. వచ్చిన ఉద్దేశం కన్నా వచ్చిన తర్వాత అందిన బోధ, క్రమమైన ఆరాధనే వాళ్ళ ఎదుగుదలను ఎక్కువగా నిర్ణయించాయని ఆయన తేల్చాడు. బాప్తిస్మం ముందు ప్రశ్నల మీద పెట్టే శ్రద్ధలో సగమైనా బాప్తిస్మం తర్వాతి ఏడాది మీద పెట్టాలని దాని అర్థం.

అలవాట్ల మీద ఇటీవలి పరిశోధన కూడా అటే చూపిస్తోంది. లండన్‌లో ఫిలిప్పా లాలీ బృందం 96 మందిని గమనించింది. ఒక కొత్త పని అలవాటుగా కుదురుకోవడానికి సగటున 66 రోజులు పట్టింది, మనిషిని బట్టి 18 నుంచి 254 రోజుల దాకా. మధ్యలో ఒకరోజు తప్పినా పెద్ద నష్టం కనిపించలేదు. ఆ పరిశోధన తిండి, వ్యాయామం వంటి వాటి మీద, వ్యసనం మీద కాదు. అయినా 21 రోజుల ఉపవాసంతోనో నలభై రోజుల శ్రమకాల కూడికలతోనో పని అయిపోయిందనుకునేవాళ్ళు, ఒక్కసారి తప్పినవాణ్ణి వెనకబడ్డాడని ముద్రవేసేవాళ్ళు ఆ లెక్క చూడాలి.

ఎఫెసీ పత్రిక నాలుగో అధ్యాయంలో దొంగతనం మానమన్న చోట మాట అక్కడితో ఆగలేదు. చేతులతో కష్టపడి, లేనివాడికి ఇవ్వడానికి సంపాదించమనే దాకా వెళ్ళింది. మానినదాని చోట ఏం పెట్టాలో ఆ రచయిత ప్రతిసారీ చెప్పాడు. పేటల్లో దీన్ని ఎప్పటినుంచో చేస్తున్నది స్త్రీల కూటాలు: తాగుడు మానిన ఇంటి మీద కన్నేసి ఉంచడం, కలిసి వండుకోవడం, జబ్బు మనిషి దగ్గర వంతులవారీగా కూర్చోవడం. తెలుగు బైబిల్ స్త్రీల మీద జేమ్స్ ఎలిషా తానేటి చేసిన చరిత్ర పరిశోధన చదివితే ఈ పని కొత్తది కాదని తెలుస్తుంది. పేరు మాత్రం పాస్టరు గారికి వస్తోంది.

ఇంకా తేలనివి

గీత కుటుంబానికి వేరే జీవనం చూపించే బాధ్యత సంఘానిదా కాదా అన్నది తేలలేదు. సంఘం వద్దన్న నగను ఇష్టంగా పెట్టుకునే ఆడమనిషిని ప్రభువు బల్ల నుంచి ఆపవచ్చా అన్న దాని మీద ఒకే శాఖలో ఊరికో తీరు. కుల సంఘాలను విడగొట్టి కలపడం వల్ల పై కులాల పెత్తనం సంఘంలోకీ వస్తుందన్న దళిత క్రైస్తవుల భయాన్ని కొట్టిపారేయలేం. కలపకపోతే కొలస్సీ పత్రికకు జవాబు చెప్పుకోవాలి. ఇక్కడ నాకు ఒక పక్షం తీసుకునేంత ధైర్యం లేదు.

కట్నం విషయంలో మాత్రం ఉంది. అది 1961 నుంచి చట్టవిరుద్ధం, ఆడపిల్ల తండ్రిని అప్పులపాలు చేస్తుంది, ఏ బోధ ప్రకారం చూసినా లోభమే, అయినా కోనసీమ క్రైస్తవ పెళ్ళిళ్ళలో ఇచ్చిపుచ్చుకోవడం మామూలుగానే జరుగుతోంది. కోడలి ముక్కుపుడక తీయించిన పెద్దలే ఆ బేరాల దగ్గర కూర్చుంటున్నారు. సంఘ పెద్దలకు ఒక మనవి: ఈసారి బాప్తిస్మానికి పేరిచ్చిన కుర్రాళ్ళను కూర్చోబెట్టినప్పుడు, కట్నం తీసుకోనని, పక్క పేట సంఘంలో ఆకు వేసుకుని తింటానని ఒప్పుకుంటారా అని అడగండి. ఒప్పుకోనివాణ్ణి కాలవలోకి దించకుండా ఒక ఏడాది ఆపండి.